నానబెట్టినా లేవని గింజలు

వినాయకచవితి వెళ్లిన దగ్గర్నుంచి ఈ శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్‌లలో సగానికి పైగా ఒకటే గోల: గింజలు పెట్టాం, రాలేదు. ఎన్ని రోజులైంది, ఎంత లోతున పెట్టారు, కుండీ ఎండలో ఉందా నీడలో ఉందా అన్నది మాత్రం ఎవరూ రాయరు. అందుకే కొందరికి ఫోన్ చేసి కనుక్కుని మరీ జవాబులు రాస్తున్నాను. ఈసారి పూల గింజలు తప్ప వేరే ఏవీ తీసుకోలేదు, కూరగాయలవాళ్లు కోప్పడకండి.

ప్రశ్న: శంఖుపూల గింజలు ఇరవై నానబెట్టి పెట్టాను మేడమ్. రెండే వచ్చాయి. నెల దాటింది. మట్టి తవ్వి చూస్తే మిగతావి కుళ్లలేదు, మొలవనూ లేదు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మా పక్కింటావిడ గోడ పక్కన అవే గింజలు కలుపు మొక్కల్లా లేస్తాయి. నేనేటి తప్పు చేశాను?
— ఎంవీపీ కాలనీ నుంచి ఒక గృహిణి

జవాబు: "పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి" అని రాశారు చూడండి, అది చాలమ్మా నాకు. కుళ్లితే గింజ పోయినట్టు. గట్టిగా రాయిలా ఉందంటే లోపలికి చుక్క నీరు వెళ్లలేదని అర్థం. శంఖుపుష్పం చిక్కుడు జాతిది. ఈ జాతిలో చాలావాటికి గింజ ఎండేకొద్దీ పైతొక్క నీరు చొరబడకుండా బిగుసుకుపోతుంది. మొక్కకి అది అవసరం. తొలకరికే అన్ని గింజలూ మొలిచేసి, ఆ తర్వాత ఇరవై రోజులు వాన ముఖం చాటేస్తే వంశమే పోతుంది కదా, అందుకని కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు లేస్తాయి. మీ పక్కింటావిడ గోడ పక్కన ఇప్పుడు వస్తున్నవి ఎప్పుడో రాలి, ఎండకి ఎండి వానకి తడిసి తొక్క పలచబడ్డవి. మనకేమో ఆదివారం పెట్టినవి వచ్చే ఆదివారానికి కనబడాలి.

నేను చేసేది చెబుతాను. రాత్రి పడుకోబోయే ముందు గింజల్ని స్టీలు గ్లాసులో మామూలు నీళ్లలో వేస్తాను. పొద్దున్న టీ పెట్టుకుంటూ చూస్తే కొన్ని ఉబ్బి రెట్టింపై ఉంటాయి, అవి నేరుగా మట్టిలోకి. మిగతావి రాత్రి ఎంత ఉన్నాయో అంతే ఉంటాయి, మీ పద్దెనిమిదీ ఈ బాపతే. వాటిని పాత తువ్వాలుతో తుడిచి నెయిల్ కట్టర్ తీసుకుంటాను. గింజకి ఒక పక్క చిన్న మచ్చ ఉంటుంది, కాయలో అతుక్కుని ఉన్న చోటు, దాన్నే కన్ను అంటాం. మొలక అటు నుంచే వస్తుంది కాబట్టి ఆ పక్క ముట్టుకోకూడదు. దానికి ఎదుటి వైపు అంచుని కట్టర్ నోట్లో పెట్టి మెల్లగా నొక్కితే టిక్కుమంటుంది. నల్ల తొక్క పెచ్చు ఊడి లోపలి పప్పు, ఆవగింజలో సగమంత మేర, లేత రంగులో కనిపిస్తే చాలు, అక్కడితో ఆపండి. మొదటిసారి నేను హుషారులో పప్పులో పావు వంతు కోసేశాను, అన్నీ బూజు పట్టి పోయాయి. ఇలా గాటు పెట్టిన గింజల్ని మళ్లీ నీళ్లలో వేస్తే కొన్ని గంటల్లోనే ఉబ్బడం కనిపిస్తుంది. ఆ రోజే పెట్టేయాలి, గాటు పెట్టాక మళ్లీ దాచుకునే మాట లేదు.

గింజలు వందల్లో ఉంటే ఒక్కొక్కటీ కట్టర్‌తో ఎవరు కూర్చుంటారు? అప్పుడు ప్లాస్టిక్ డబ్బా లోపల ఉప్పుకాగితం, అదే సాండ్ పేపర్, చుట్టూ అతికించి గింజలు వేసి సీరియల్ అయ్యేదాకా గిలకొట్టండి. వేడినీళ్ల పద్ధతి కూడా ఉంది. నీళ్లు మరిగాక స్టవ్ కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి, ఆ నీళ్లు గింజల మీద పోసి మర్నాడు పొద్దున్నదాకా అలా వదిలేయడం. అంతేగానీ స్టవ్ మీద పెట్టి ఉడికించకండి. ఉడికిస్తే అది గుగ్గిళ్లు అవుతుంది, మొలక రాదు.

మెట్టతామరకీ ఇదే వైద్యం. కాకపోతే ఆ గింజకి నెయిల్ కట్టర్ విరుగుతుంది, ఆకురాయి పెట్టి అరగదీయాలి. ఇంగ్లీషులో దాని పేరే ఇండియన్ షాట్, తుపాకీ రవ్వలా అంత గట్టిగా, గుండ్రంగా ఉంటుందని. బంతికీ, జీనియాకీ మాత్రం దయచేసి గాట్లు పెట్టకండి, వాటి తొక్క కాగితమంత పలచన.

ప్రశ్న: రిటైరయ్యాక డాబా మీద మొక్కలు మొదలుపెట్టాను. మూడు వందలు పోసి పెటూనియా ప్యాకెట్టు కొన్నాను. గుండ్రంగా పూసల్లా ఉన్నాయి. అర అంగుళం లోతున పెట్టి రోజూ పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. ఇరవై రోజులైంది, ఒక్కటీ లేదు. మోసపోయానా?
— ఉక్కునగరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మోసపోలేదు సార్, పాతిపెట్టారు. మీరు చూసిన పూస గింజ కాదు, గింజకి వేసిన మట్టి పూత. అసలు గింజ దుమ్ములా ఉంటుంది, గ్రాముకి దాదాపు పది వేలు తూగుతాయి. చేత్తో పట్టుకోవడానికి వీలుగా కంపెనీవాళ్లు పైన బంకమట్టి చుడతారు. అంత చిన్న గింజలో దాచుకున్న తిండి ఎంతని? అర అంగుళం మట్టిని తోసుకుని పైకి వచ్చేలోపు అయిపోతుంది. పైగా పెటూనియా మొలవాలంటే వెలుతురు తగలాలి. కుక్కమూతి పువ్వు, బెగోనియా, గడ్డిగులాబీ కూడా అంతే, మట్టి మీద చల్లి వేలితో అలా అద్ది వదిలేయాలి, పైన ఏమీ కప్పకూడదు. దీనికి పూర్తిగా ఎదురు బిళ్లగన్నేరు. దానికి చీకటి కావాలి, మట్టి కప్పాక మొలక కనపడేదాకా ట్రే మీద అట్టముక్క వేసి ఉంచుతాను నేను. ఇక మిగతా చాలా పూలకి గింజ మందానికి రెండింతల లోతు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది, స్కేలు పెట్టి కొలవక్కర్లేదు.

ఈసారి ఇలా చేయండి. మూత ఉన్న పారదర్శకమైన స్వీటు డబ్బా తీసుకుని అడుగున చిన్న చిల్లులు పెట్టండి. అందులో జల్లించిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ కలిపి రెండు అంగుళాలు నింపి ముందే బాగా తడపండి. గింజ వేశాక తడిపితే కొట్టుకుపోతాయి. పూసల్ని పైన దూరం దూరంగా పెట్టి, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో ఆ పూత కరిగి చిట్లేదాకా చల్లండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. పూత సగం తడిసి మళ్లీ ఎండిందంటే గింజ చుట్టూ సిమెంటులా బిగుసుకుపోతుంది. మూత పెట్టి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. వారం నుంచి పది పన్నెండు రోజుల్లో ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి, కళ్లజోడు పెట్టుకుని చూడాలి. చుక్కలు కనపడ్డ రోజే మూత తీసేయండి. ఆ తర్వాత నీళ్లు పైనుంచి వద్దు. డబ్బాని పళ్లెంలో నీళ్లు పోసి అందులో పావుగంట కూర్చోబెడితే అడుగు నుంచి అదే పీల్చుకుంటుంది.

కోకోపీట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇటుకలా అమ్మేదాన్ని నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, చిన్న మొలకలు తట్టుకోలేవు. అసలే మన ఊళ్లో సముద్రం దగ్గరి కొన్ని బోర్లలో నీళ్లు ఉప్పగా వస్తాయి, అది చాలదన్నట్టు పోయినేడు ఒకాయన సంచీ పట్టుకెళ్లి బీచ్ ఇసుక తెచ్చి కలిపారు, ఉచితం కదా అని. ఏమీ మొలవలేదు. గింజలకి కుళాయి నీళ్లో, పట్టి ఉంచుకున్న వాన నీళ్లో వాడండి.

కాలం కూడా చూసుకోవాలి. పెటూనియా, పాన్సీ లాంటివి మనకి చలికాలపు పూలు. విశాఖలో అక్టోబరు సగం దాటాక, నవంబరులో మొదలుపెడితే మంచిది, ఫిబ్రవరి దాకా పూస్తాయి. ఆ రోజులే తుపాన్ల రోజులు కూడా. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న నా డాబా మీది నారు ట్రేలు ఏ వీధిలో పడ్డాయో ఇప్పటికీ తెలీదు. కాబట్టి అక్టోబరులో నారు ఎప్పుడూ కిటికీ సన్‌షేడ్ కిందే.

ప్రశ్న: మావి చక్కగా మొలుస్తున్నాయి. మూడో రోజుకో నాలుగో రోజుకో ఒక్కొక్కటీ నడుం విరిగినట్టు పడిపోతున్నాయి. పొద్దున్నకి పది, సాయంత్రానికి పాతిక. పసుపు చల్లాను.
— గాజువాక నుంచి ఒక పాఠకురాలు

జవాబు: దీన్ని రైతులు నారుకుళ్లు తెగులు అంటారు. మట్టి దగ్గర కాడ నూలు పోగులా సన్నబడి నీళ్లు కారినట్టు ఉంటుంది, పైన ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి, అందుకే మనకి నమ్మబుద్ధి కాదు. మట్టిలో ఉండే శిలీంధ్రాల పని ఇది. పడిపోయినవాటికి మందు లేదు, పీకి పారేయండి, పక్కవాటిని వేరే పొడి మిశ్రమంలోకి మార్చి, నీళ్లు తగ్గించి, గాలి ఆడనివ్వండి. మన ఊరి గాలికే బోలెడు తేమ, దానికి తోడు ఒత్తుగా చల్లి, మూత తీయకుండా, పొద్దునా సాయంత్రం పోస్తే ఇంకేముంది. పసుపు వల్ల నా దగ్గర ఏ తేడా కనపడలేదు. వచ్చేసారి గింజలు వేసే ముందే మిశ్రమంలో ట్రైకోడెర్మా విరిడి పొడి కలపండి, తెగులు శిలీంధ్రాల్ని అణిచే మేలు శిలీంధ్రం అది, ఎరువుల కొట్లలో దొరుకుతుంది. పాత కుండీ మట్టిలో మాత్రం నారు పోయకండి.

ప్రశ్న: ఢిల్లీ కనకాంబరం అంటే మా అమ్మాయికి పిచ్చి. మూడేళ్లుగా గింజల కోసం చూస్తున్నాను, వెన్ను ఎండుతుంది గానీ లోపల ఏమీ ఉండదు. మందేమైనా కొట్టాలా?
— గోపాలపట్నం నుంచి ఒక తల్లి

జవాబు: ఏ మందూ వద్దమ్మా. ఢిల్లీ కనకాంబరానికి గింజ పట్టదు. మామూలు మొక్కల్లో ఒక్కో రకం క్రోమోజోము రెండేసి ఉంటే దీంట్లో మూడేసి ఉంటాయి, అందువల్ల అది గొడ్డు మొక్క. ఎవరి ఇంట్లో ఉన్నా కొమ్మ నుంచి వచ్చిందే. వేలంత కొమ్మ, మూడు నాలుగు కణుపులున్నది కోసి తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి.

గింజతోనే పెంచాలని పట్టుదల ఉంటే మామూలు నాటు కనకాంబరం వేసుకోండి. దాని కాయలు ముదిరి గోధుమ రంగుకి తిరిగాక చూడండి తమాషా. చిన్నప్పుడు ఉమ్మి తడి చేసి పేల్చిన చిటపటకాయలు గుర్తున్నాయా, ఇవీ ఆ కుటుంబమే. చుక్క నీరు తగిలితే టప్పున పగిలి గింజలు ఎగిరి పడతాయి. అందుకే వాన పడ్డాక మొక్క కింద వెతుక్కుంటే దొరకవు, ఎక్కడెక్కడో ఉంటాయి. నేను ఎండు వెన్నుల్ని కోసి, గిన్నెలో వేసి, నీళ్లు చిలకరించి వెంటనే పలచటి గుడ్డ కప్పేస్తాను. గుడ్డ కింద కాసేపు పేలాలు వేగుతున్నట్టు చప్పుడు వస్తుంది. అలా దొరికిన గింజల్ని తాజాగా ఉండగానే వేయండి. ఆ తర్వాత ఓపిక పట్టాలి. అన్నీ ఒకేసారి రావు, ఒకటి మూడు వారాలకి వస్తే ఇంకొకటి రెండు నెలలకి వస్తుంది. ఈలోగా ట్రే పారబోయకండి.

ప్రశ్న: ఆంటీ, నేను ఇంజినీరింగ్ చదువుతున్నా. పూజాసామాన్ల కొట్లో తామరగింజల మాల కొని, తెంపి, గింజలు నీళ్లలో వేశా. పదిహేను రోజులకి నీళ్లు కంపు కొట్టాయి తప్ప ఏమీ రాలేదు. యూట్యూబ్‌లో మాత్రం నాలుగు రోజుల్లో వచ్చేస్తున్నాయి.
— మధురవాడ నుంచి ఒక విద్యార్థి

జవాబు: మాలకి గుచ్చారంటే గింజకి బెజ్జం వేశారన్నమాట కదా నాన్నా, ఆ డ్రిల్లు లోపలి మొలక మధ్య నుంచే పోయి ఉంటుంది. అదే కొట్లో విడిగా, బెజ్జం లేని నల్లటి గింజలు అమ్ముతారు, అవి పది తెచ్చుకో. నీళ్లలో వేసి తేలినవి తీసేయ్. మునిగినవాటికి ఒక కొస మొనదేలి ఉంటుంది, రెండో కొసన చిన్న గుంట ఉంటుంది. గుంట ఉన్న వైపు ఉప్పుకాగితం మీదో, గరుకు సిమెంటు గచ్చు మీదో రుద్దు. ముందు నలుపు పోయి గోధుమ రంగు వస్తుంది, ఇంకాస్త రుద్దితే మీగడ రంగు చుక్క కనిపిస్తుంది, అక్కడ ఆపు. వేళ్లు నొప్పెడతాయి, తప్పదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెట్టి, రోజూ నీళ్లు మార్చు. కంపు కొట్టేది నువ్వు మార్చకే. రెండో రోజుకి గింజ ఉబ్బుతుంది, నాలుగు నుంచి ఏడు రోజుల్లోపు పెంకు చీల్చుకుని చేతికర్ర వంపులా పచ్చటి కాడ వస్తుంది. వేరు రాలేదని కంగారు పడకు, దీనికి ముందు ఆకులు వస్తాయి.

మూడు నాలుగు ఆకులు, కాస్త వేర్లు వచ్చాక అడుగున చిల్లి లేని వెడల్పాటి టబ్బులో బంకమట్టి వేసి నాటాలి. వర్మీకంపోస్ట్ కలిపావా, నీళ్లు పచ్చగా మారి మొక్క కుళ్లుతుంది. రోజుకి ఆరు గంటల ఎండ కావాలి, దానికి మన ఊళ్లో కొరత లేదు. దోమలకీ కొరత లేదు, కాబట్టి రెండు గప్పీ చేపలు వదులు, లేదంటే డెంగీ అని హాస్టలంతా నీ మీద పడుతుంది. పువ్వు ఈ ఏడాదే కావాలంటే గింజతో కాదు, దుంప కొనుక్కోవాలి.

చైనాలో ఎండిపోయిన ఒక సరస్సు అడుగున దొరికిన తామరగింజని ఇలాగే పెంకు తొలిచి నానబెడితే మొలిచింది. దాని వయసు లెక్కగడితే దాదాపు 1300 ఏళ్లు వచ్చింది. పెంకు అంత గట్టిది కాబట్టే అన్నాళ్లు లోపల ప్రాణం నిలిచింది, నీ పది గింజల్లో ఒకటి రెండు మొండికేస్తే ఇంకాస్త రుద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో నీలి గులాబీ గింజలు వంద, లావెండర్ గింజలు వంద తెప్పించాను. గులాబీలో తోటకూర లాంటిది ఒకటి వచ్చింది. లావెండర్ అసలు రాలేదు.
— సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వచ్చింది తోటకూరే అయితే పప్పులో వేసుకోండి, అదొక్కటే లాభం. నీలి గులాబీ గింజ అనేది లోకంలో లేదు. గులాబీలో ఆ రంగు పుట్టించే పదార్థమే లేదు. జపాన్‌లో సంటోరీ అనే కంపెనీ పాన్సీ జన్యువు ఎక్కించి ఒక గులాబీని తయారుచేసి 2009లో అమ్మకానికి పెట్టింది, అదీ చూడ్డానికి లేత వంగపండు రంగే. ఫొటోల్లో నెమలికంఠం రంగులో మెరిసేది కంప్యూటర్ పనో, కాడని రంగు నీళ్లలో ముంచిన పనో. మామూలు గులాబీకి కూడా గింజతో తల్లి లక్షణాలు రావు.

లావెండర్‌కి చలి చూపించాలి. తడి టిష్యూలో చుట్టి జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో మూడు నాలుగు వారాలు ఉంచి అప్పుడు మట్టి మీద చల్లాలి. ఫ్రీజర్లో కాదు. చలికాలం గడిచింది అని గింజ అనుకోవాలన్నమాట. ఇలా నేను ఒకసారి ఏడు మొక్కలు చేశాను. జులై ఉక్కపోతకీ వానకీ ఆగస్టుకల్లా ఏడూ పోయాయి. దానికి పొడి గాలి, చల్లదనం కావాలి, సముద్రపు ఒడ్డున దాన్ని బతికించడం అంటే రోజూ టెన్షనే. నా మాట విని మరువమో దవనమో వేసుకోండి.

ప్రశ్న: మా అత్తగారు ఊరి నుంచి ముద్దబంతి, సీతమ్మజడ గింజలు గుడ్డలో మూట కట్టి ఇచ్చారు. నాలుగేళ్లయింది, వంటింటి గూట్లోనే ఉండిపోయాయి. ఇప్పుడావిడ లేరు. ఆ బంతి రంగు ఇక్కడ ఎక్కడా దొరకదు. మొలుస్తాయా?
— పెందుర్తి నుంచి ఒక కోడలు

జవాబు: ఉన్నమాట చెప్పాలంటే వంటింట్లో నాలుగేళ్లంటే బంతికి కష్టమే. గింజకి వయసు కంటే వేడీ తేమా ఎక్కువ చేటు. స్టవ్ దగ్గర రెండూ ఉంటాయి. సీతమ్మజడకి కాస్త ఆశ ఉంది.

అయినా చూద్దాం. అన్నీ ఒకేసారి చల్లేయకండి. రెండు రకాల్లోనూ పదేసి లెక్కపెట్టి, తడిపి పిండిన గుడ్డ మీద పేర్చి, మడిచి, కవర్లో పెట్టి, నీడలో ఉంచండి. రోజూ ఒకసారి విప్పి గాలి తగలనివ్వండి. పది రోజులకి ఎన్ని పగిలాయో లెక్కపెట్టండి. పదిలో మూడు వస్తే మీకు నూటికి ముప్పై ఉన్నట్టు, అంటే పది మొక్కలు కావాలంటే ముప్పై నలభై గింజలు వేయాలి. ఒక్కటే వచ్చినా ఫర్వాలేదు, మూటంతా వేసేయండి, అయితే ఒకే కుండీలో కాకుండా రెండు విడతలుగా, వారం తేడాతో వేయండి, వానో చీమలో వచ్చి మొత్తం పోకుండా ఉంటుంది. వచ్చిన బంతి మొక్కల దగ్గర నర్సరీ హైబ్రిడ్ బంతి పెట్టకండి. తేనెటీగలు అటూ ఇటూ తిరిగి రంగు కలిపేస్తాయి.

మొదటి విడత పూలు దండకి కోయకుండా మొక్కనే ఎండనివ్వండి. ఎండిన రేకుల కింద నల్లటి పుల్లల్లా ఉండే గింజల్ని దులిపి, వారం నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, బిగుతు మూత ఉన్న సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు అందులో వేస్తే ఇంకా మంచిది. తీసేటప్పుడు ఫ్రిజ్ లోంచి తీయగానే మూత తెరవకండి, సీసా మామూలు వేడికి వచ్చేదాకా ఓ గంట ఆగండి, లేదంటే లోపల చెమ్మ పట్టి ఇన్నాళ్ల జాగ్రత్తా దండగ.

పొట్లం మీద పేరూ తేదీ పెన్సిల్‌తో రాయండి. నేను స్కెచ్ పెన్‌తో రాశాను, ఫ్రిజ్ చెమ్మకి అలుక్కుపోయి ఏది ఏదో తెలీక మొన్న తులసి కోటలో జీనియా వేశాను.